తిమ్మిరి అని రాసిన చీటీ: ఒక పక్షవాతం కేసు

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆమె నా ఓపీకి వచ్చి, మందులు రాయించుకుని వెళ్లారు. శుక్రవారం ఉదయం 7.40కి 108 స్ట్రెచర్ మీద మా క్యాజువాలిటీకి వచ్చారు. మధ్యలో ఇరవై రెండు గంటలు. శుక్రవారం చేసిన వైద్యం గురించి చెప్పుకోవడానికి చాలానే ఉంది. కానీ నన్ను ఈ కేసు రాయమని కూర్చోబెట్టింది మాత్రం గురువారం నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలే. ఆమె అనుమతి తీసుకుని, ఆనవాలు తెలిసే వివరాలు మార్చి రాస్తున్నాను.

వయసు 57. కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో అమ్మవారి గుడి ముందు పూల కొట్టు. ఎనిమిదేళ్లుగా షుగరు, ఐదేళ్లుగా బీపీ. షుగరు మాత్రలు తప్పకుండా వేసుకుంటారు. బీపీ మాత్ర మాత్రం మూడు వారాల క్రితం మానేశారు. ఎక్కడో చూపించుకుంటే నార్మల్‌గా ఉందన్నారట, ఇక మాత్ర ఎందుకనుకున్నారు. మాత్ర వేసుకుంటున్నందువల్లే నార్మల్‌గా ఉందన్న సంగతి ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. చుట్ట, పొగాకు వంటి అలవాట్లేవీ లేవు.

శుక్రవారం ఉదయం

అది శ్రావణ శుక్రవారం. తెల్లవారుజామున మూడింటికే లేచి, మార్కెట్టు నుంచి కనకాంబరాలు, చామంతులు, మరువం తెచ్చుకుని, ఐదున్నరకల్లా కొట్టు తెరిచారు. బేరాలు బాగా సాగుతున్నాయి. ఏడు కావస్తుండగా ఎవరో వచ్చి రెండు మూరల కనకాంబరాలు అడిగితే ఆమె ఏదో బదులిచ్చారు. అది మాటలా లేదు.

పక్కన కొబ్బరికాయలు అమ్మే అబ్బాయికి పందొమ్మిదేళ్లు. ఆమెను పిన్నీ అని పిలుస్తాడు. తిరిగి చూస్తే దారం ఉండ ఆమె ఒడిలోంచి దొర్లి మెట్ల దాకా పోయింది. ఎడమ చేతిలో పువ్వు అలాగే ఉంది. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. అతను వచ్చి ఎదురుగా కూర్చుని, "పిన్నీ, ఒకసారి నవ్వు" అన్నాడు. మూతి ఎడమ వైపుకే లాగింది. "రెండు చేతులూ ముందుకు చాపి పట్టుకో" అన్నాడు. కుడి చెయ్యి కాస్త లేచి, ఐదు లెక్కపెట్టేలోపు కిందికి జారిపోయింది. "మూర ఇరవై రూపాయలు అను" అన్నాడు. ఆమె రోజుకు వందసార్లు అనే మాట అది. "మూర... మూర..." అని ఆగిపోయి, కళ్ల నీళ్లు పెట్టుకున్నారు.

ఈ మూడు పరీక్షలూ అతనికి ఏ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు. రెండేళ్ల క్రితం వాళ్ల తాతగారికి పొద్దున మూతి వంకరపోతే, నూనె మర్దనా చేస్తూ సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంచారట. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు ఇవే మూడూ చేయించారు. ఆ తర్వాత, "పొద్దున్నే తెచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. ఆ మాట అతను మరిచిపోలేదు.

జనం పోగయ్యారు. సోడా తాగించమన్నారు ఒకరు. బీపీ మాత్ర నాలుక కింద పెట్టమన్నారు ఇంకొకరు. గాలి సోకిందని, పసరు మందు పోసే ఊరికి ఆటోలో తీసుకెళ్లమని ఒక పెద్దాయన గట్టిగా పట్టుబట్టారు. అప్పటికే ఆ అబ్బాయి 108కి ఫోను చేసేశాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన సేవ అది. ఇన్నేళ్లయినా పక్షవాతం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఆటోయే.

ఆ సలహాలు ఇచ్చినవాళ్లంతా ఆమె మేలు కోరినవాళ్లే. కానీ వాటిలో ఏది పాటించినా ఆమెకు కీడే జరిగేది. మూతి పడిపోయిన మనిషికి మింగే శక్తి సరిగా ఉండకపోవచ్చు. సోడా ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. బీపీ సంగతి మరీ ముఖ్యం. నాళం మూసుకుపోయినప్పుడు మెదడు పక్కదారుల గుండా రక్తం తెచ్చుకోవడానికి తంటాలు పడుతుంది, అందుకు కాస్త ఎక్కువ ఒత్తిడి అవసరం. ఇంట్లో మాత్ర వేసి బీపీని ఒక్కసారిగా దించితే, ఇంకా బతికే అవకాశమున్న భాగం కూడా ఎండిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ కూడా స్కాన్ తీయకముందు వద్దు. లోపల రక్తం గడ్డకట్టిందో, నాళం చిట్లిందో బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

7.40కి నేను చూసేసరికి ఆమెకు స్పృహ ఉంది. మనం చెప్పింది చాలావరకు అర్థమవుతోంది, మాట మాత్రం పైకి రావడం లేదు. కుడి చెయ్యి మంచం మీదినుంచి లేవడం లేదు. కుడి కాలు లేస్తోంది కానీ నిలవడం లేదు. ముఖంలో కుడి భాగం వాలిపోయినా, కనుబొమలు పైకెత్తమంటే నుదుటి మీద రెండు వైపులా ముడతలు పడ్డాయి. ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పనికొస్తుంది. ముఖ నరం ఒక్కటే దెబ్బతింటే నుదురు కూడా కదలదు, కన్ను కూడా సరిగా మూయలేరు. నుదురు బాగుండి మూతి మాత్రమే పోతే మెదడును అనుమానించాలి. ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తాను. మూతి ఎటు లాగితే జబ్బు అటే ఉందనుకుంటారు. నిజానికి లాగేది బాగున్న వైపు, పడిపోయింది రెండో వైపు.

పక్షవాతం తీవ్రత కొలిచే స్కోరు 42కి 11 వచ్చింది. షుగరు 212. ఇది వెంటనే చూడాలి, ఎందుకంటే షుగరు బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. బీపీ 204/112.

తర్వాత అడగాల్సింది సమయం. "ఎప్పుడు మొదలైంది?" అంటే కూతురు, "అరగంటో, ముప్పావు గంటో అయిందేమో డాక్టరమ్మా" అంది. నాకు కావలసింది జబ్బును ఎప్పుడు గమనించారన్నది కాదు, ఆమె మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారన్నది. మా గడియారం అక్కడినుంచే నడుస్తుంది. రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయిన మనిషికి లెక్క రాత్రి పడుకున్న వేళ నుంచే. ఇక్కడ కూడా ఆ అబ్బాయే దారి చూపించాడు. ఆమె కొట్టులో డబ్బు పడగానే మాట్లాడే పెట్టె ఉంది. చివరి బేరానికి మూడు మూరలు కొలిచి, తెంచి, పొట్లం కట్టి ఇచ్చి, "అరవై" అని చెప్పడం అతను విన్నాడు. ఆ అరవై రూపాయలు పడిన సమయం ఆమె ఫోనులో ఉంది: 6.41. కేసు షీటులో అదే రాసుకున్నాను.

సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదు. మెదడు దాదాపు మామూలుగానే కనిపించింది. "స్కాన్ బాగానే ఉందట" అని బంధువులు ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. మొదటి గంటల్లో రక్తం అందని భాగం సీటీలో కనిపించకపోవచ్చు. ఆ స్కాన్ తీసేది ముఖ్యంగా రక్తం చిందలేదని తేల్చుకోవడానికే. వెంటనే స్కాన్‌లో నాళాలు కనిపించేలా చేసే మందు ఎక్కించి వాటినీ చూశాం. మెదడు ఎడమ భాగానికి రక్తం తెచ్చే పెద్ద నాళం ఒకచోట బాగా సన్నబడి ఉంది, కానీ పూర్తిగా మూసుకుపోలేదు. దానినుంచి చీలిన ఒక కొమ్మలో గడ్డ ఇరుక్కుంది. పెద్ద నాళమే మూసుకుపోయి ఉంటే, తొడ దగ్గరినుంచి తీగ పంపి గడ్డను బయటికి లాగే కేంద్రానికి అప్పటికప్పుడు పంపేవాళ్లం. ఈ కేసులో ఆ అవసరం రాలేదు.

గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ మందు 1995లో వెలువడిన అమెరికా పరిశోధనతో పక్షవాతానికి వాడుకలోకి వచ్చింది. అప్పట్లో గడువు మూడు గంటలు. 2008లో ఐరోపా పరిశోధన దాన్ని నాలుగున్నర గంటలకు పెంచింది. ఇవ్వాలంటే బీపీ 185/110 లోపు ఉండాలి. నరం ద్వారా మందిచ్చి 176/96కి తెచ్చాం. అలా నెమ్మదిగా, మానిటర్ చూస్తూ దించడానికీ, వీధిలో నాలుక కింద మాత్ర పెట్టడానికీ ఎంతో తేడా ఉంది.

కూతురికి దాపరికం లేకుండా చెప్పాను: "ఈ ఇంజెక్షన్‌తో చెయ్యి, మాట తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ నూటికి ఆరుగురి దాకా మెదడులో రక్తస్రావం జరగవచ్చు, అది ప్రాణం మీదికి కూడా రావచ్చు." ఆమె ఒక్కటే అడిగింది: "వేయకపోతే?" ఇలాగే ఉండిపోయే అవకాశమే ఎక్కువన్నాను. సంతకం పెట్టిన కాగితానికి మరువం ఆకు ఒకటి అంటుకుని ఉంది.

బరువు 62 కిలోలు. కిలోకు 0.9 చొప్పున 55.8 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు ఒక్కసారిగా, మిగిలింది గంటసేపు. మొదటి చుక్క వెళ్లేసరికి 8.31. అంటే 6.41 నుంచి గంటా యాభై నిమిషాలు, మా గుమ్మం దాటిన తర్వాత యాభై ఒక్క నిమిషాలు. మధ్యాహ్నానికి కుడి చెయ్యి మంచం మీదినుంచి లేచింది. సాయంత్రం కూతురిని పేరు పెట్టి పిలిచారు. మరుసటి రోజు స్కోరు 4. మళ్లీ తీసిన స్కాన్‌లోనూ రక్తస్రావం లేదు. ఆస్పిరిన్ మొదలుపెట్టాం.

బుధవారం నాటి దండ

శనివారం రౌండ్స్‌లో కూతురిని అడిగాను: "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా?" లేదంది. ఆ అబ్బాయి వార్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బుధవారం రాత్రి దండ వెనక్కి తెచ్చిచ్చారు కదక్కా" అన్నాడు.

ఆదివారం కూతురు ఆ దండ తెచ్చి చూపించింది. చామంతి దండ, అప్పటికే వాడి గోధుమ రంగుకు తిరిగింది. ఎవరో కొనుక్కుని వెళ్లి, మధ్యలో పూలు రాలిపోతున్నాయని తిరిగి ఇచ్చేశారు. పారేయబుద్ధికాక ఇంట్లో పటానికి వేశారట. చేతిలోకి తీసుకుని చూశాను. మొదటి మూర అంతా బిగువుగా ఉంది. ఇటు రెండు పూలు, అటు రెండు పూలు, మధ్యలో నొక్కి లాగిన ముడి. ఆ తర్వాత జానెడు మేర పని మారిపోయింది. ముడులు వదులు. పూలు రెండు జతలూ ఒకే వైపుకు తిరిగాయి. ఒకచోట దారం చుట్టు పడలేదు, పూల మీదుగా ఊరికే పోయింది. జానెడు దాటాక మళ్లీ మునుపటిలాగే బిగువు, మునుపటిలాగే వరస.

అప్పుడు కూతురికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బుధవారం రాత్రి ఏడు దాటాక అమ్మ చేతిలోంచి దారం ఉండ రెండుసార్లు జారింది. "చెయ్యి తిమ్మిరెక్కింది" అన్నారు. ఆ అనడంలోనే మాట ముద్దగా ఉంది. నిద్ర చాలక అలా ఉందేమోనని కూతురు చెయ్యి పిసికింది, టీ పెట్టి ఇచ్చింది. పావుగంటలో అంతా సర్దుకుంది. అమ్మ దండ పూర్తి చేసి, అన్నం తిని పడుకున్నారు. తగ్గిపోయింది కదా అని అందరూ స్థిమితపడ్డారు.

నాళంలో గడ్డ కాసేపు అడ్డుపడి, దానంతట అదే కరిగిపోతే జరిగేది ఇదే. మినీ స్ట్రోక్ అని చాలామంది అంటారు. ఆ పేరు నాకు నచ్చదు. చిన్నది అన్న ధ్వని ఉంది అందులో. 2000లో వెలువడిన కాలిఫోర్నియా పరిశోధనలో ఇలాంటి రోగులను వెంబడించి చూస్తే, తొంభై రోజుల్లో నూటికి పది మందికి పైగా పూర్తి పక్షవాతం వచ్చింది. వాళ్లలో సగం మందికి మొదటి రెండు రోజుల్లోనే. 2007లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకొకటి తేల్చారు. ఇలాంటివాళ్లను ఆలస్యం చేయకుండా చూసి అదే రోజు మందులు మొదలుపెడితే, ఆ పది రెండుకు దిగింది. బుధవారం రాత్రి నుంచి శుక్రవారం ఉదయానికి ముప్పై ఆరు గంటలు కూడా నిండలేదు.

నా చీటీ

ఆ రెండు ఘటనల మధ్యలో ఆమె నా దగ్గరికి వచ్చారు. చీటీ తెప్పించి చూసుకున్నాను. నర్సు రాసిన బీపీ 168/98. దాని కింద నా చేతిరాత: కుడి చెయ్యి తిమ్మిరి, షుగరు, నరాల బలహీనత. బి కాంప్లెక్స్, పది రోజులు. బీపీ మాత్ర మళ్లీ మొదలుపెట్టమని కూడా రాశాను. సరిగ్గా చేసింది అదొక్కటే.

"నిన్న రాత్రి చెయ్యి తిమ్మిరెక్కిందమ్మా, ఇప్పుడు బాగానే ఉంది" అన్నారు ఆమె. ఆ ఒక్క వాక్యంలో నాకు కావలసినవన్నీ ఉన్నాయి. నిన్న రాత్రి అన్నారు, అంటే ఫలానా వేళకు మొదలైంది. చెయ్యి అన్నారు, చేతులు అనలేదు. ఇప్పుడు బాగానే ఉంది అన్నారు, అంటే వచ్చి పోయింది. నేను మాత్రం షుగరు, తిమ్మిరి అన్న రెండు మాటలే పట్టుకున్నాను. అడిగి ఉంటే, ముప్పు అంచనా వేసే ఏడు మార్కుల కొలమానంలో ఆమెకు ఐదు వచ్చేవి. వెంటనే స్కాన్, ఈసీజీ తీయించి, రక్తస్రావం లేదని చూసుకుని ఆస్పిరిన్, అలాంటిదే అయిన క్లోపిడోగ్రెల్ రెండూ మొదలుపెట్టి, వార్డులో ఉంచేదాన్ని. 2013లో వెలువడిన ఒక పెద్ద చైనా పరిశోధనలో, ఆ రెండూ కలిపి ఇరవై నాలుగు గంటల్లోపు మొదలుపెడితే తర్వాతి పక్షవాతాలు నూటికి పన్నెండు నుంచి ఎనిమిదికి తగ్గాయి. శుక్రవారం తప్పకుండా ఆగేదని చెప్పలేను. ఆపడానికి ఉన్న దారి మాత్రం ఆమెకు నేను చూపించలేదు.

తిమ్మిరి అనే మాట

తెలుగులో ఈ ఒక్క మాట కింద మూడు వేరు వేరు సంగతులు ఉన్నాయి. కాలు మడిచి కూర్చుంటే చీమలు పాకినట్టు అవడం ఒకటి. గిల్లినా తెలియకుండా మొద్దుబారడం రెండోది. చెయ్యి మన మాట వినకపోవడం, పట్టు తప్పడం మూడోది. ముగ్గురూ వచ్చి తిమ్మిరి అనే అంటారు. షుగరు వల్ల వచ్చేది మొదట రెండు అరికాళ్లలో మొదలై, నెలల తరబడి నెమ్మదిగా పైకి పాకుతుంది. ఒక్క చేతికి, ఒక్క క్షణంలో రాదు. పక్షవాతం ఎక్కువగా ఏదో ఒకటి లాగేసుకుంటుంది: బలం, స్పర్శ, మాట, చూపు. చీమలు పాకడం దాని ప్రధాన లక్షణం కాదు.

ఇప్పుడు ఎవరు తిమ్మిరి అన్నా నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా వచ్చిందా? ఒక పక్కనేనా? చేతిలోంచి ఏదైనా జారిందా, చెప్పు కాలికి నిలవలేదా? ఆ సమయంలో మాట ఎలా ఉంది? చివరి ప్రశ్న రోగిని కాదు, పక్కనున్నవాళ్లను అడుగుతాను. మాట ముద్దగా ఉన్న సంగతి మాట్లాడినవారికంటే విన్నవారికే బాగా తెలుస్తుంది.

కళ్లు తిరిగాయి అన్న మాట కూడా ఇలాంటిదే. ఎండకు తిరిగినా అదే మాట, మెదడు వెనుక భాగానికి రక్తం ఆగినా అదే మాట. ఉన్నట్టుండి తిరిగి, నిలబడితే ఒక పక్కకు తూలిపోతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, మింగుడు పడకపోయినా అది గ్యాస్ కాదు, వేడి కాదు. మూతి, చెయ్యి బాగున్నాయి కదా అని ఇంట్లో ఉండిపోకూడదు. ఒక కంటికి తెర దించినట్టయి కొన్ని నిమిషాల్లో తొలగిపోతే అద్దాల కొట్టుకు కాదు, ఆసుపత్రికి రావాలి. ఎన్నడూ ఎరగనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు వస్తే మెదడు చుట్టూ రక్తం చిందిందేమో చూడాలి.

మూడు నెలల తర్వాత

గుండె లయ తప్పడం వల్ల గడ్డ కట్టిందేమోనని ఈసీజీ, ఎకో, ఇరవై నాలుగు గంటల రికార్డు చూశాం. ఏమీ లేదు. కారణం తలలోపల సన్నబడిన నాళమే. పాశ్చాత్యుల్లో మెడలోని నాళాలు పూడుకుపోవడం ఎక్కువ, మన ఆసియా వాళ్లలో ఇలా తలలోపలి నాళాలు సన్నబడడం ఎక్కువ. ఆ నాళంలో స్టెంటు వేయించాలా అని కూతురు అడిగింది. 2011లో వచ్చిన అమెరికా పరిశోధనలో ఇలాంటివారికి స్టెంటుకంటే గట్టి మందులే మేలని తేలింది. తొంభై రోజులు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి, ఆ తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే. కొలెస్ట్రాల్ తగ్గించే అటార్వాస్టాటిన్, బీపీ మాత్ర, షుగరు మాత్రలు ఆపకుండా. ఆరో రోజు ఇంటికి పంపాం.

మూడో నెల రివ్యూకు తనే నడిచి వచ్చారు. బీపీ 128/80. కొన్ని మాటలు వెతుక్కుంటున్నారు, ముఖ్యంగా అలసిపోయినప్పుడు. కుడి చూపుడు వేలు ఇంకా కాస్త మందం. కొలిచి అమ్మడం ఆమె, దండ కట్టడం కూతురు. ఖాళీ వేళల్లో వేలికి కసరత్తుగా కనకాంబరాలు కడుతున్నారు. ఒక్కో మూరకు మునుపటికి మూడింతలు సమయం పడుతోందట.

బుధవారం రాత్రి ఎలా అనిపించిందని ఆ రోజు వివరంగా అడిగాను. కాస్త ఆలోచించి, మాటలు కూడదీసుకుని చెప్పారు: "చెయ్యి కనిపిస్తోంది. నాది కాదనిపించింది. ముడి వెయ్యమంటే వెయ్యదు." ఇదే మాట గురువారం నాతో ఎందుకు చెప్పలేదన్నాను. "మీరు అడగలేదు కదమ్మా" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు.

మూడు నెలలకు సరిపడా మందులు రాసిచ్చాను. మాత్రలు అయిపోయే తేదీని కొబ్బరికాయల అబ్బాయి తన ఫోనులో గుర్తు పెట్టుకున్నాడు. ఆమె నాళాలను మళ్లీ ఆరో నెలలో చూస్తాం.